కుడి పక్క బోల్టు

మెకానిక్కులు ఇనుముతో మాట్లాడతారని రాయడం మన పత్రికలకు అలవాటు. గోపాలపట్నం హైవే పక్కన షెడ్డు పెట్టుకున్న పోలిరాజు ఇనుముతో మాట్లాడడు. తిడతాడు. ముందు బోల్టును, తర్వాత దాన్ని బిగించినవాణ్ణి, ఆ తర్వాత ఆ బండి కొన్నవాణ్ణి వరసగా తిట్టి, అప్పుడు స్పానర్ అందుకుంటాడు. ఇందులో తపస్సు ఏమీ లేదు. కోపం వస్తే చేతికి బలం వస్తుందట, అంతే.

వినయం కూడా అతని దగ్గర దొరకదు. షెడ్డు గోడకు ఈ చివర నుంచి ఆ చివరకు లావుపాటి తీగ కట్టి, తన చేతిలో ఓడిపోయిన బోల్టులను దానికి వేలాడదీశాడు. వంకర తిరిగినవి, తలలు అరిగినవి, సగానికి తెగినవి. టైరులో గాలి పెట్టించుకోవడానికి వచ్చినవాడికి కూడా వాటి చరిత్ర చెప్పే పంపిస్తాడు. ఇది పోర్టు కాంట్రాక్టరు అంబాసిడర్‌ది, మద్దిలపాలెంలో చేతులెత్తేసి ఇక్కడికి తోలారు. ఇది నేవీలో రిటైరైన పెద్దాయన ఫియట్‌ది, ఊడినప్పుడు ఆయన సెల్యూట్ కొట్టాడు. సెల్యూట్ సంగతి ఏమో గానీ బోల్టు మాత్రం నిజం. తీగ మీద ఉంది, చూసుకోవచ్చు.

"ఇంజను ఎవుడైనా సేత్తాడు బావా," అంటాడు వచ్చినవాళ్ళతో. "కిందకి దూరి, పట్టేసిన బోల్టు ఊడదీసినోడే మెకానిక్కు."

ఈ ఊళ్ళో ఆ మాటకు విలువుంది. సముద్రపు గాలి పాత కార్లను కింద నుంచి తింటుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, అడుగున చక్రాలను బండికి పట్టి ఉంచే సస్పెన్షన్ బోల్టులు మాత్రం తుప్పు పట్టి, ఉన్నచోటే బిగుసుకుపోయి ఉంటాయి.

పోలిరాజు జాలరి ఇంట్లో పుట్టాడు. సముద్రం అతన్ని ఒప్పుకోలేదు. తండ్రి పడవెక్కించిన ప్రతిసారీ వాంతులు. పోలిగాడు చేపలకి మేత వేసి వచ్చాడని ఒడ్డున ఉన్నవాళ్ళు నవ్వేవారు. చివరికి తండ్రి విసుగెత్తి, మద్దిలపాలెం బస్సు డిపో దగ్గర ఒక గ్యారేజీలో పనికి పెట్టాడు. నేలకు వీపు ఆనించి చేసే పని దొరికాక అతని కడుపు కుదుటపడింది. సముద్రాన్ని వదులుకున్నందుకు బాధ ఉందా అని ఎవరైనా జాలిగా అడిగితే, దాని ఉప్పు వల్లే తను అన్నం తింటున్నానని చెప్తాడు. అదీ నిజమే.

చెల్లెలు సీతాలు వేరే రకం. ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాటలో చేపలు కొని, పాత ఓమ్ని వ్యాన్‌లో ఐసు మీద పరచుకుని, స్వయంగా నడుపుకుంటూ మద్దిలపాలెంలో కొంత, గోపాలపట్నం సందుల్లో మిగతాదీ అమ్ముతుంది. ఆమె భర్త దుర్గారావు ఫైబర్ పడవలకు మరమ్మతులు చేస్తాడు. బావా బావమరుదులు కలిస్తే ఒకరినొకరు దెప్పుకోవడమే పని. ఒకడు సముద్రానికి పనికిరానివాడు, ఇంకొకడు చక్రమంటే తెలియనివాడు.

ఏటా ఎండాకాలంలో రెండు నెలలు సముద్రంలో చేపల వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డెక్కుతాయి. నిషేధం ఎత్తేసిన రోజు తెల్లవారకముందే అన్నీ ఒక్కసారిగా సముద్రంలో పడతాయి. చిన్న ఫైబర్ పడవలు ఆ మధ్యాహ్నానికే మొదటి చేపతో తిరిగొస్తాయి. సీతాలు తిరిగే సందుల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఆ మొదటి రోజు చేప ఏ ఇల్లు ఎవరి దగ్గర తీసుకుంటే, మళ్ళీ నిషేధం వచ్చేదాకా ఆ ఇల్లు వాళ్ళదే. ఎవరూ ఎక్కడా రాసుకోలేదు, రెండు వైపులా పాటిస్తారు. ఒక్క ఏడాది మొదటి రోజు తప్పితే ఆ ఇళ్ళు పోయినట్టే.

ఈ ఏడాది ఆ సందుల్లోకి కొత్తగా ఒక తెల్ల బండి దిగింది. లోపలంతా చల్లగా ఉండే కంపెనీ బండి, ఎక్కడివో చేపలు ముక్కలు కోసి పొట్లాల్లో ఇస్తారట. మొదటి రోజు తప్పకుండా వస్తామని ఇంటింటికీ కాగితాలు పంచి వెళ్ళారు.

సరిగ్గా అప్పుడే సీతాలు వ్యాన్ కుంటుపడింది. రెండు నెలలు ఇంటి ముందు ఉప్పుగాలిలో నిలబెట్టి, నిషేధం ముగిసే ముందు రోజు సాయంత్రం తీస్తే, ముందు చక్రాలు ఊగుతున్నాయి, కుడిది లోపలికి ఒరిగింది. మెల్లగా ఈడ్చుకుంటూ అన్న షెడ్డుకు తెచ్చింది. పోలిరాజు జాకీ పెట్టి ఎత్తి చూశాడు. చక్రాన్ని బండి అడుగుకు కలిపే ఆర్ములు రెండు వైపులా పాడయ్యాయి. వాటి చివర ఉండే రబ్బరు బుష్షులు చీలిపోయాయి. ఒక్కో పక్క ఒక్క బోల్టు తీస్తే ఆర్ము బయటికి వస్తుంది, కొత్తది ఎక్కించి బిగించడమే. ఇలాగే తోలితే హైవే మీద చక్రం ఒక దారి, నువ్వొక దారి అని చెప్పాడు.

అద్దె బండి మాట్లాడుకుందామన్నా, మొదటి రోజు హార్బర్‌లో ఖాళీ బండి దొరకదు. సీతాలు అదే అడిగింది, పడవలు వచ్చే వేళకు బండి వస్తుందా రాదా అని.

"పడవలు ఒడ్డుకి రాకముందే నీ బండి హార్బర్‌లో ఉంటాది," అన్నాడు పోలిరాజు. "నేకపోతే ఆ తీగ మొత్తం తెంపి సముద్రంలో పారేత్తాను, సూడు."

కొత్త ఆర్ములకు షాపు తెరిచేదాకా ఆగాలి. మర్నాడు పొద్దున సీతాలు హార్బర్‌కు వెళ్ళిపోయింది. దుర్గారావు షెడ్డుకు వచ్చాడు. ఆఖరి పడవ నీళ్ళలోకి దిగేదాకా అతుకులు వేసి వేసి అలిసిపోయి ఉన్నాడు. పాత టైర్ల మీద పడుకుని, అక్కడి నుంచే బావమరిదికి సలహాలు మొదలుపెట్టాడు.

ఎడమ పక్క బోల్టు మర్యాదగా వచ్చేసింది. కాస్త తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, పొడుగు రాడ్డు వేసి తిప్పితే నట్టు కిర్రుమని వదిలింది. సుత్తితో రెండు దెబ్బలు వేస్తే బోల్టు జారి నేల మీద పడింది. పోలిరాజుకు కొంచెం నిరాశ కలిగింది. తీగకు ఎక్కే అర్హత దానికి లేదు.

కుడి పక్క వేరే కథ. అక్కడ అడుగు భాగమంతా నల్లటి పూత, రాయిలా గట్టిగా ఉంది. ఎవరో మందంగా రంగు కొట్టారనుకుని పోలిరాజు ఉలితో నట్టు చుట్టూ గీకి, సాకెట్‌ను సుత్తితో దిగ్గొట్టి, రాడ్డుకు నీళ్ళ పైపు తొడిగి, కాళ్ళు తన్నిపట్టి లాగాడు. నట్టు వదిలింది. అరగంటలో బండి దింపేస్తానని దుర్గారావుతో పందెం కూడా వేశాడు.

బోల్టు మాత్రం కదల్లేదు. తల పట్టుకుని తిప్పితే పావు వంతు తిరిగింది. పోలిరాజు ముఖం వెలిగింది. చెయ్యి వదలగానే అది మెల్లగా వెనక్కి వచ్చి మొదటి చోటే నిలబడింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ వచ్చింది. సంగతి అర్థమైంది. బుష్షు రబ్బరు మధ్యలో ఒక ఇనప గొట్టం ఉంటుంది, బోల్టు ఆ గొట్టంలో నుంచి దూరుతుంది. తుప్పు రెండింటినీ ఒకే ముద్ద చేసేసింది. తను తిప్పేది బోల్టును కాదు, రబ్బరును మెలిపెడుతున్నాడు. సుత్తి అందుకుంటే అదీ అంతే. ఎంత గట్టిగా కొట్టినా దెబ్బంతా రబ్బరు మింగేస్తోంది, బోల్టు కొస మాత్రం పుట్టగొడుగులా విచ్చుకుంటోంది.

అప్పుడు మొదలయ్యాయి తిట్లు. బోల్టు అయింది, బిగించినవాడు అయ్యాడు. బండి కొన్నవాళ్ళ వంతు వచ్చేసరికి, అది సొంత చెల్లెలు కనక కాసేపు ఆగి, ఆమె మొగుణ్ణి అందుకున్నాడు. పాత టైర్ల మీద నుంచి జవాబు వచ్చింది.

"పడవలో అయితే వాంతు సేసుకుని ఇంటికెల్లిపోయేవోడివి. ఇక్కడ ఏటి సేత్తావు బావా?"

సీతాలు మొదటి ఫోను అప్పుడు చేసింది. పడవలు ఇంకా కనపడలేదు, బండి ఎంతవరకు వచ్చిందని అడిగింది. అయిపోయినట్టే అన్నాడు పోలిరాజు. పూర్తి అబద్ధం కాదు, ఎడమ పక్క అయిపోయింది.

ఇక గ్యాసే దారి. పక్క షెడ్డులో గ్యాస్ కటింగ్ చేసే ఉమాశంకర్‌ను కేకేశాడు. కాస్త కాక పెడితే రబ్బరు కాలి గొట్టం వదులవుతుంది, పని తేలిక. ఉమాశంకర్ పడుకుని, మంట సన్నగా చేసి, బోల్టు దగ్గర పెట్టాడు. బోల్టు ఎర్రబడకముందే దాని చుట్టూ ఉన్న నల్లటి పూత భగ్గుమంది. కళ్ళు మండే నల్లటి పొగ, అడుగంతా పాకుతున్న మంట, అవతల పక్కనే పెట్రోలు గొట్టం. ఉమాశంకర్ గ్యాసు మంట ఆర్పేసి ఒక్క దొర్లు దొర్లి హైవే దాకా పోయాడు. వ్యాన్‌లో ఐసు మీద కప్పే గోనె సంచులు నీళ్ళ డ్రమ్ములో ముంచి పోలిరాజు మంట మీదకు విసిరాడు. ఒకటి, ఇంకొకటి. మంట ఆరింది.

పొగ పోయాక ముగ్గురూ వాసన చూశారు. మెకానిక్కుకూ గ్యాసు వాడికీ తెలియని వాసన అది. దుర్గారావుకు బాగా తెలుసు. రెండు నెలలుగా రోజూ పీలుస్తున్నాడు. టైర్ల మీద నుంచి లేచి కూర్చున్నాడు.

"అది రంగు కాదు," అన్నాడు.

"మరేటి?"

"రెసిన్ను."

సంగతి ఇది. కిందటేడు నిషేధం ముగిసేటప్పుడు పడవలకు వేయగా కాస్త రెసిన్, ఆరితే రాయిలా గట్టిపడే జిగురు, మిగిలింది. దుర్గారావుకు పెళ్ళాం బండి మీద ప్రేమ పుట్టింది. పడవ అడుగును ఏది కాపాడుతుందో అదే బండి అడుగునూ కాపాడుతుంది కదా అనుకున్నాడు. నల్ల రంగు కలిపి, పడవలకు వాడే గాజునార చాప పరిచి, కుడి పక్కంతా నట్టూ బోల్టూ చూడకుండా పూసేశాడు. ఎడమ పక్కకు వచ్చేసరికి రెసిన్ అయిపోయింది. ఎడమ బోల్టు అంత మర్యాదగా ఎందుకు ఊడిందో ఇప్పుడు తెలిసింది. పడవకు నీళ్ళు బయట నుంచి వస్తాయి. చేపల బండికి లోపల నుంచి వస్తాయి. కరిగిన ఐసు, ఉప్పునీళ్ళతో కలిసి, నేలరేకు సందుల్లో నుంచి కారి, పూతకూ ఇనుముకూ మధ్య ఏడాదంతా నిలబడిపోయింది. దుర్గారావు ఆ బోల్టును కాపాడలేదు, ఊరగాయ పెట్టాడు.

పోలిరాజు తిట్టలేదు. దాంతో దుర్గారావు నిజంగా భయపడ్డాడు. అప్పుడే ఫోను మోగింది.

"పడవలు కనపడతన్నాయి అన్నియ్యా," అంది సీతాలు. "పద్మావతి గారు ఫోను సేసినారు. తెల్ల బండోడు అప్పుడే సందులోకి వచ్చేసినాడంట."

పద్మావతిది గోదావరి వైపు ఊరు. భర్త స్టీల్ ప్లాంట్ ఉద్యోగానికి వస్తే వచ్చి గోపాలపట్నంలో స్థిరపడింది. ఆ సందులో చేప మంచిదో కాదో తేల్చేది ఆమే. ఆమె తీసుకుంటే మిగతా ఇళ్ళు తీసుకుంటాయి, ఆమె మారితే సందు మారుతుంది.

పోలిరాజు ఫోను పెట్టేసి బావ వైపు చూశాడు. "నీ గ్రైండరు ఎక్కడుంది?"

పడవల పూత అరగదీసే దుర్గారావు గ్రైండరు సంచిలోనే ఉంది. చక్రమంటే తెలియని మనిషి వ్యాన్ కిందకు దూరాడు. ముక్కుకు తువ్వాలు కట్టుకుని, తను పూసిన పూతను తనే కోయడం మొదలుపెట్టాడు. ఏ పొర ఎంత మందమో అతని చేతికి తెలుసు. రెసిన్ పెచ్చులు పెచ్చులుగా లేచి, ఆర్మును పట్టి ఉంచే బ్రాకెట్ బయటపడింది, బుష్షు అంచు బయటపడింది. రెండింటికీ మధ్య సన్నటి సందు. గ్రైండరు బిళ్ళ దూరదు, ఇనుము కోసే హాక్సా రంపం బ్లేడు మాత్రం దూరుతుంది. ఇక బోల్టు ఊడదీసేది లేదు, అటూ ఇటూ కోసి పారెయ్యడమే.

పోలిరాజు ఫ్రేము నుంచి బ్లేడు విప్పి, ఒక కొసకు గుడ్డ చుట్టి, పడుకుని కోత మొదలుపెట్టాడు. నాలుగు తోపులకే బ్లేడు టప్పున విరిగింది. రెండోదీ అంతే. మూడోది కూడా విరిగేసరికి దుర్గారావు ఊరుకోలేకపోయాడు.

"నెట్టకు బావా. నెడితే వొంగుద్ది, వొంగితే ఇరుగుద్ది. వల ఎవుడైనా నెడతాడేటి? ఇటు కొస నాకియ్యి. నువ్వు లాగినప్పుడు నాను వదుల్తాను, నాను లాగినప్పుడు నువ్వు వదులు."

ఒకడు కింద పడుకున్నాడు, ఒకడు చక్రం ఊడదీసిన ఖాళీలోకి వంగాడు. బ్లేడుకు రెండు కొసలా గుడ్డ చుట్టారు. లాగడం, వదలడం. ఇక్కడ ఇద్దరూ వలపాట అందుకున్నారని రాస్తే చదవడానికి బాగుంటుంది. ఎవరూ పాడలేదు. ఒకరి కళ్ళలో పడ్డ తుప్పుకు ఇంకొకరిని తిట్టుకుంటూ కోశారు. కానీ బ్లేడు విరగలేదు. ఇనప పొడి సన్నగా, ఆగకుండా రాలుతోంది. సగానికి వచ్చింది. ఉమాశంకర్ ధైర్యం తెచ్చుకుని వచ్చి, సీసాతో నూనె చుక్కలు వేస్తున్నాడు. తల పక్క తెగింది. ఖణేల్మని నేల మీద పడ్డ తలను పోలిరాజు చొక్కా జేబులో వేసుకుని, రెండో వైపు బ్లేడు దూర్చాడు.

మూడో ఫోను వచ్చేసరికి ఎవరి చేతులూ ఖాళీ లేవు. ఉమాశంకర్ స్పీకర్ పెట్టి నేల మీద ఉంచాడు. సీతాలు ఫోను అలా పట్టుకుని నిలబడింది, అంతే. అందులో నుంచి హార్బర్ మొత్తం షెడ్డులోకి వచ్చింది. పాట మొదలైపోయింది. ధర పెంచుతున్న కేకలు, తట్టలు ఈడ్చే చప్పుడు, ఎవరిదో వంజరం చేప వచ్చిందని అరుపు. రెండు నెలల తర్వాత వినపడుతున్న అరుపు. లాగుడు వేగం పెరిగింది. లాగు, వదులు, లాగు, వదులు.

"కొనేయనా?" అంది సీతాలు చివరికి. "బండి నేకుండా కొంటే ఇక్కడే కుళ్ళిపోద్ది. కొనకపోతే ఈ ఏడు సందు పోద్ది. ఏటి సెయ్యమంటావు, సెప్పు."

పోలిరాజు లాగడం ఆపకుండానే చెప్పాడు. "కొనెయ్. మంచిది సూసి కొను."

ఆ మాట అన్నప్పటికి బోల్టులో ఇంకా చిటికెన వేలంత ఇనుము మిగిలి ఉంది. అతని ధైర్యమో పొగరో గానీ, అంత పెద్ద మాట అతను అంత నమ్మకంగా ఎప్పుడూ చెప్పలేదని దుర్గారావు తర్వాత అందరికీ చెప్పాడు. బ్లేడు పళ్ళు అరిగి, సగం లాగుతోంది, సగం జారుతోంది. కొత్తది మార్చే తీరిక లేదు. దుర్గారావు కాలు బ్రాకెట్‌కు తన్నిపెట్టి ఒక్క లాగు లాగాడు. బోల్టు రెండో వైపూ తెగి, ఆర్ము ధడేల్మని పోలిరాజు భుజం పక్కన పడింది. 

కొత్త ఆర్ము ఎక్కించడం పెద్ద పనే కాదు. పోలిరాజు కొత్త బోల్టుకు గ్రీజు దోసిళ్ళతో పూశాడు. దుర్గారావు ఆ గ్రీజు వైపు చూసి ఏదో సలహా చెప్పబోయి మానుకున్నాడు. చక్రాలు బిగించి, బండి దింపి, అలైన్‌మెంట్ చూసుకోకుండానే తోలారు. స్టీరింగు ఎడమకు వంచి పట్టుకుంటేనే బండి తిన్నగా పోతోంది. పోలిరాజు అలాగే వంచి పట్టుకుని ఎన్ఏడీ జంక్షన్ దాటాడు, కాన్వెంట్ జంక్షన్ దాటాడు, ప్రతి సిగ్నల్‌నూ దాని తల్లినీ తిట్టాడు. హార్బర్‌లోకి దూరేసరికి సీతాలు కొన్న చేపల పక్కన, ఒక తెరచాప గుడ్డ నీడలో నిలబడి ఉంది. పడవలకంటే ముందే వస్తానన్న మాట తప్పింది. తీగ సంగతి ఆమె అడగలేదు. ఐసు, చేప, ఐసు, చేప అని వరసగా పరిచి, తలుపు మూసి, తనే స్టీరింగు ముందు కూర్చుంది.

తిరుగు ప్రయాణంలో పోలిరాజు పక్క సీట్లో కూర్చున్నాడు. చేపల వాసన, బండి ఊగుడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తల కిటికీలో నుంచి బయటికి పెట్టాడు. కొత్త బోల్టు చప్పుడు చేస్తోందేమో వింటున్నానని చెప్పాడు. వెనక ఐసు మీద కూర్చున్న దుర్గారావు ముందుకు వంగి అతని చొక్కా వెనక నుంచి పట్టుకున్నాడు.

సందులో తెల్ల బండి నిలబడే ఉంది. పొట్లాలు బయట బల్ల మీద పేర్చి ఉన్నాయి. పద్మావతి గేటు దగ్గర గిన్నె పట్టుకుని ఉంది, గిన్నె ఖాళీ. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు గుమ్మాల్లో నిలబడి ఆమెనే చూస్తున్నారు. సీతాలు వ్యాన్ తలుపు తీసింది. పద్మావతి వంగి, ఒక వంజరం ఎత్తి, మొప్పలు విప్పి చూసింది. రక్తం ఎర్రగా ఉంది.

"ఆ అబ్బాయి పొట్లాలన్నీ చూశానమ్మా," అంది. "మొప్పలు ఏవండీ అంటే, తీసేశామన్నాడు. తల లేని చేపని ఏం చూసి తీసుకోమంటావు? నువ్వొస్తావనే నిలబడ్డాను. ఇంత ఆలస్యం ఏంటి మరి?"

గిన్నె ముందుకు చాపింది. దాంతో మిగతా గుమ్మాల్లో నుంచి గిన్నెలు దిగాయి. సీతాలు కత్తి తీసి పనిలో పడింది. ఆలస్యం ఎందుకైందన్న ప్రశ్నకు జవాబు చెప్పే ఉత్సాహం ఒక్క పోలిరాజుకే ఉంది. వాంతి సంగతి మరిచిపోయి బండి దిగాడు. వినేవాళ్ళెవరూ దొరకలేదు, అందరూ చేప చూసుకుంటున్నారు. ఖాళీగా ఉన్నది తెల్ల బండి డ్రైవరు ఒక్కడే. పోలిరాజు నేరుగా అతని దగ్గరకే వెళ్ళి, జేబులో నుంచి బోల్టు తల తీసి, మొదటి నుంచి మొదలుపెట్టాడు. డ్రైవరు శ్రద్ధగా విన్నాడు. గొట్టం, రబ్బరు, మంట, బ్లేడు, అన్నీ విని, తల గోక్కున్నాడు.

"మా బండి కింద కూడా ఈ మధ్య టక్ టక్‌మంటోందండి," అన్నాడు.

పోలిరాజు చొక్కా కూడా సర్దుకోకుండా రోడ్డు మీద వెల్లకిలా పడి తెల్ల బండి కిందకు జారిపోయాడు. బయటికి కాళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. లోపల నుంచి సంతోషంగా ఒక తిట్టు వినపడింది.

"ఇదీ ఉప్పునీళ్ళేరా. పట్టేసింది. రేపు షెడ్డుకి తే, నాను సూత్తాను."

సీతాలు పద్మావతి చేపకు పొలుసు గీస్తోంది. తలెత్తకుండానే అంది.

"నెమ్మదిగా సెయ్యి అన్నియ్యా. తొందరేటీ నేదు. మల్లీ వేట ఆపేదాకా ఆ బండి నీకాడే పెట్టుకో."